ద్వితీయా విభక్తి

"వంక పెడుతున్నానని కాదు గానీ అమ్మాయ్, ఈ టీలో పొడి కాస్త ఎక్కువ పడిందేమో చూశావా?" అన్నారు అత్తగారు, కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆ మాటకి కోడలికి చురుక్కుమనలేదు. పెళ్ళయిన కొత్తలో అయితే అనేది. ఇన్నేళ్ళు రోజూ విన్నాక చురుక్కుమనడానికి కూడా ఓపిక కావాలి కదా. ఇవాళ ఆమెకి కలిగింది కోపం కాదు, సందేహం. వంక పెట్టడం లేదని ముందే చెప్పేసి, ఆ తర్వాత పెట్టినదాన్ని ఏమనాలి? భోజనాల బల్ల మీద, ఇంకా విప్పని కూరగాయల సంచీ పక్కన, ఆమె ముందున్న కాగితం మీద ఉన్న మాట సరిగ్గా అదే మరి.

వంక అంటే వంకర. వంక అంటే ఏటికి చిన్న చెల్లెలు. వంక అంటే సాకు, బడి ఎగ్గొట్టినవాడు చెప్పేది. వంక అంటే వైపు కూడా, ఆయన వంక చూసింది అంటామే, అదీ. ఇన్ని ఉండగా మనిషి పనిలో ఎవరో వెతికి పట్టుకునే లోపానికీ అదే పేరు. లోపం, తప్పు, దోషం, కొరత, వంక. మిగతావన్నీ ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. వంక మాత్రం అప్పటిదాకా లేకపోయినా ఎవరో ఒకరు తెచ్చి పెడతారు. ఈ సంగతి తట్టగానే ఆమెకి భలే సంబరమేసింది. మర్చిపోతానేమోనని గబగబా రాసుకుని, కింద వాక్యం వేసింది: ‘ఆమె పెట్టిన టీకి అత్తగారు వంక పెట్టారు.’

"ఏం రాస్తున్నావు, నా గురించేనా?" అన్నారు అత్తగారు నవ్వుతూ.

"అబ్బే, పని అత్తయ్యా."

"నాకెందుకులే తల్లీ. పొయ్యి మీద పాలు చూసుకో, పొంగుతున్నాయి."

ఆమె పని ఇదీ. ఒక చిన్న ప్రచురణ సంస్థ పర్యాయపదాల పుస్తకం తయారుచేస్తోంది. మాటల్ని కట్టలు కట్టలుగా ఇంటికి పంపిస్తారు. ఒకే అర్థంలా కనబడే మాటల మధ్య తేడా చెప్పి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాసి ఇవ్వాలి. ఇంట్లో ఎవరూ దీన్ని పని అనరు, ‘ఆ కాగితాలు’ అంటారు. ‘ఆ కాగితాలు తీస్తే కంచాలు పెట్టుకుందాం.’ చుట్టాలొస్తే భర్త చమత్కారంగా, "మా ఆవిడ ఇంట్లో కూర్చుని మాటలు ఏరుతుందండీ, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, నవ్వకపోతే మళ్ళీ అదొకటి. అయితే ఆ ‘కూర్చుని’ అన్న మాట దగ్గర ఆమెకి ప్రతిసారీ నవ్వు సగంలో ఆగిపోతుంది. నీళ్ళ మోటారు వేసి, టిఫిను డబ్బాలు కట్టి, అత్తగారి మాత్రలు విడదీసి పెట్టి, బట్టలు మిషన్లో వేసి, ఆ మిషను తిరుగుతున్నంతసేపే ఆమె కూర్చునేది. అది ఆగి కూత పెట్టగానే ఒక మాటని సగం అర్థంలో వదిలేసి లేవాలి.

ఈసారి వచ్చిన కట్ట మనిషిని మనిషి తూచే మాటలది. అంచనా, బేరీజు, మదింపు, విమర్శ, ఆక్షేపణ, తప్పుపట్టడం, పేరుపెట్టడం, అభిప్రాయం, నిర్ణయం, తీర్పు. చూడగానే ఇది చిటికెలో పని అనుకుంది, ఈ మాటల మధ్యే కదా కాపురం చేస్తున్నాను అని. తీరా మొదలుపెడితే ఒక్కటీ ఒక్కచోట నిలవడం లేదు. మాటల్లోనే తికమక అయితే ఎలాగో సర్దుకునేది. ఇంట్లోనూ అదే తికమక, అదీ సోమవారంలోగా తేల్చుకోవలసినది.

కిందటివారం ఆ సంస్థ సంపాదకురాలు ఫోన్ చేశారు. పెద్దావిడ. ఆఫీసులో వెనకాల అందరూ ఆవిణ్ణి ‘ఫుల్‌స్టాప్ మేడం’ అంటారు, ఆవిడ మాట్లాడాక ఇంకెవరికీ మాట్లాడటానికి ఏమీ మిగలదు కాబట్టి. "మా సహాయ సంపాదకుడు వేరే చోటికి వెళ్ళిపోయాడమ్మా. ఆ కుర్చీలోకి మీరు వస్తారా? పది నుంచి ఐదు. ఇంటి నుంచి కుదరదు, ఇక్కడికి రావాలి. సోమవారం చెప్పండి" అని పెట్టేశారు.

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయింది. ఒక కుర్చీ. దాని ముందు, కంచాల కోసం ఎవరూ ఖాళీ చెయ్యమనని ఒక బల్ల. మొదలుపెట్టిన మాటని మొదలుపెట్టిన పూటే ముగించగలిగే తీరుబడి. ఎంత ఆశ పుట్టిందంటే, ఈ వయసులో ఇంత ఆశేమిటని ఆమెకే సిగ్గేసింది.

ఆ రోజు భోజనాల దగ్గర భర్తకి చెప్పింది. అతను ఒక పెద్ద కంపెనీలో సిబ్బంది విభాగంలో అధికారి. ఏడాదికోసారి మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళ పనికి మార్కులు వేసి, ఎవరూ నొచ్చుకోకుండా ఆ మార్కులు చెప్పడం అతని ఉద్యోగం.

"మంచి అవకాశమే," అన్నాడు. "చూడూ, నిర్ణయం నీదే. నేను అడ్డు చెప్పే రకం కాదని నీకూ తెలుసు."

"మీరేమంటారు మరి?"

"నేనేమీ అనను. అంటే మళ్ళీ నేనన్నానని అవుతుంది. ఊరికే బయటివాడిలా ఫీడ్‌బ్యాక్ ఇస్తాను, తీసుకుంటే తీసుకో, లేకపోతే లేదు. నీ బలం ఓపిక. ఆ విషయంలో నీకు ఎవరూ సాటిరారు. నీ బలహీనత టైము. ఇంట్లో ఉండి కూడా మొన్న నా చొక్కాలు ఇస్త్రీకి వెయ్యడం మర్చిపోయావా లేదా? తప్పు పట్టడం లేదు. నిన్ను జడ్జ్ చెయ్యడం అసలే లేదు. ఉదాహరణకి చెప్తున్నా. అమ్మ మధ్యాహ్నం మాత్రలు, పిల్ల చదువు, వంట, ఇవన్నీ ఎలా సర్దుకుంటావో నువ్వే చూసుకోవాలి. సర్దుకోగలిగితే నాకంటే సంతోషించేవాడు ఎవరు?"

ఎంత మర్యాదగా చెప్పాడో! గొంతు కూడా పెంచలేదు. మధ్యలో కూర బాగుందన్నాడు కూడా. వద్దు అని ఒక్క మాట అనేసి ఉంటే ఆమెకి ఎంత సుఖంగా ఉండేది. ఎందుకు వద్దు అని అడిగేది, పోట్లాడేది, రెండ్రోజులు మాట్లాడటం మానేసేది. ఇప్పుడు దేనితో పోట్లాడాలి? తాళంచెవి చేతికిచ్చి, తనే తలుపుకి అడ్డంగా నిలబడ్డట్టుంది. కానీ నిజంగా నిలబడ్డాడా? పక్కకే ఉన్నాడేమో, ఆమెకే కళ్ళు సరిగ్గా కనబడటం లేదేమో. చొక్కాల సంగతి అబద్ధం కాదు కదా. అది విమర్శా, సలహానా, అంచనానా? మర్నాడు పొద్దున్న ఆ సంభాషణని కట్టలో ఉన్న మాటలన్నిటి కిందా ఒక్కోసారి పెట్టి చూసింది. అన్నిటి కిందా కాస్త కాస్త పట్టింది, దేనికిందా పూర్తిగా పట్టలేదు. చివరికి ‘ఆమె పనితీరును భర్త మదింపు వేశాడు’ అని రాసి, రాసినందుకు తనే బాధపడింది. పాపం, మంచివాడు. తాగడు, తిట్టడు.

అత్తగారిని అడిగితే ఆవిడ పుస్తకంలో వేలు పెట్టి మూసి, "నన్నడుగుతావేంటమ్మా? మీరూ మీరూ చూసుకోండి. మా రోజుల్లో ఎవరడిగారు గనక. నాకేముంది, వేళకి నాలుగు ముద్దలు పడితే చాలు. పడకపోయినా పర్లేదు, అలవాటే" అన్నారు.

ఆ ‘అలవాటే’ని ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. దెప్పడం అనుకుంది. మళ్ళీ, దెప్పలేదే, పర్లేదనే కదా అన్నారు అనుకుంది. పైగా ఆవిణ్ణి నిజంగానే ఎవరూ అడగలేదు, ఆ రోజుల్లో. అందులో కోడలి మీద విసురెంతో, తన మీద తనకున్న జాలెంతో ఎవరు కొలుస్తారు?

ఇక మిగిలింది కూతురు. తొమ్మిదో తరగతి. మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూస్తోంది.

"వెళ్ళమ్మా, సూపర్. కానీ నా ప్రాజెక్టులకి బొమ్మలు ఎవరు వేస్తారు?"

"నువ్వే వేసుకోవచ్చు కదే. పొద్దస్తమానం ఆ ఫోను..."

"ఇదిగో, జడ్జ్ చెయ్యకు!"

"నేనెక్కడ చేశాను? ఇంట్లో అందరూ నన్ను చేస్తుంటే..."

పిల్ల ఫోను దించి అమ్మని ఎగాదిగా చూసింది. "నిన్నెవరూ జడ్జ్ చెయ్యట్లేదమ్మా. నిన్ను నువ్వే చేసుకుంటున్నావు."

ఆ మాట ఆమెని గట్టిగానే తాకింది. నిజమేనేమో. ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు, అన్నీ తనే అనుకుంటోంది. అయితే ఈ జడ్జ్ చెయ్యడం అనే మాటకి తెలుగులో సమానమైనది వెతుకుతూ కూర్చున్నప్పుడు ఒక వింత గమనించింది. ఇంట్లో ఈ మాటని అందరూ వాడతారు గానీ, ఎప్పుడూ లేదనడానికే వాడతారు. చెయ్యడం లేదు, చెయ్యను, చెయ్యకు. చేస్తున్నాను అన్నవాళ్ళని ఇంతవరకూ వినలేదు. మరి ఆ పని జరుగుతున్నట్టా, జరగనట్టా?

శుక్రవారం కాగితాలు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. జిరాక్సు షాపు పైన రెండు గదులు. ఫ్యాను గాలికి ప్రూఫులు ఎగరకుండా ఒక్కో దొంతర మీద ఒక్కో వస్తువు, స్టేప్లరు, తాళాల గుత్తి, సగం తాగిన నీళ్ళ సీసా. కిటికీ పక్కన ఆ కుర్చీ ఖాళీగా ఉంది. చూడకూడదనుకుంటూనే చూసింది. ఒక చెయ్యి కాస్త ఊడినట్టుంది, అయినా బాగుంది.

మేడం ఎర్ర పెన్ను తీసి చదువుతూ పోయారు. "అర్థాలు బాగా పట్టుకున్నారు. వంక పెట్టేది, మిగతావి ఉండేవి. ఇది నాకు తట్టలేదు సుమా." ఆమెకి లోపల ఏదో విచ్చుకుంది. అంతలో మేడం కళ్ళజోడు తీశారు. "కానీ ఈ వాక్యాలేంటమ్మా?"

"ఏమైందండీ?"

మేడం పైకి చదివారు. "‘భర్త ఆమెను తక్కువ అంచనా వేశాడు.’ ‘అత్తగారు ఆమె పనికి పేర్లు పెట్టారు.’ ‘ఆడపడుచు చీర విషయంలో ఆమెను ఆక్షేపించింది.’ ‘చుట్టాలు వంట బాగాలేదని ఆమెను విమర్శించారు.’ ‘అందరూ ఆమెను తప్పుపట్టారు.’ ఇది పర్యాయపదాల పుస్తకమా, మీ ఇంటి పంచాయితీనా?"

పక్కగదిలో టైపు చేస్తున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆమె మొహం వేడెక్కిపోయింది. ఒట్టు, తనకి తెలియదు. ఒక్కో వాక్యం ఒక్కో రోజు, ఒక్కో పని మధ్య రాసింది. వరసగా చదివితే ఇలా వినబడుతుందని ఎలా తెలుస్తుంది?

"ఏదో చేతికొచ్చింది రాసేశానండి."

"అదే ఎందుకొచ్చిందని నేనడగను, అది నా పని కాదు. నా బాధ వ్యాకరణం. పిల్లలు చదివే పుస్తకం. ప్రతి వాక్యంలోనూ కర్త మారుతున్నాడు, కర్మ మాత్రం ఒక్కతే. కొన్నిట్లోనన్నా ఆమెని కర్తని చెయ్యండి. సోమవారానికి కావాలి. ఆ రెండో సంగతి కూడా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఆ మాటనే నమిలింది. కర్త చేసేవాడు, కర్మ ఆ చేతకి గురయ్యేది, క్రియ ఆ చేత. చిన్నప్పుడు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. తలకొట్టుకుంటూ ‘నా కర్మ’ అనుకునే కర్మ వేరనుకుంది ఇన్నాళ్ళూ. ఫక్కున నవ్వొచ్చింది. పక్కావిడ అనుమానంగా చూసి సంచీ ఒళ్ళోకి తీసుకుంది. ఆ నవ్వు వెనకాలే ఏడుపొచ్చింది, దాన్ని మాత్రం ఎవరూ చూడకుండా మింగేసింది. తన ఇంటిని తానే నలుగురిలో పెట్టి అల్లరిచేశానన్న సిగ్గు ఒకవైపు. రాసిన వాటిల్లో ఒక్కటీ కల్పించలేదే అన్న ఉక్రోషం ఒకవైపు. ఏది ఎక్కువో ఇల్లు చేరేదాకా తేలలేదు.

ఆదివారం భోజనాలయ్యాక, గిన్నెలు తోమి, వాక్యాలు మార్చడానికి కూర్చుంది. కూతురు మర్నాటి పరీక్షకి గదిలో అటూ ఇటూ తిరుగుతూ విభక్తులు వల్లెవేస్తోంది. "డు, ము, వు, లు ప్రథమా విభక్తి. నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి." వల్లించి వల్లించి ఆగింది. "అమ్మా, డు మగవాళ్ళకి కదా. మరి మనకేది?"

"మనకి ఏదీ ఉండదు. ఊరికే ఉంటాం."

"అన్యాయం!" అని నవ్వుకుంటూ పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. "కూర్చి, గురించి..." ఆమె పెన్ను ఆగిపోయింది. నిజమే, తను రాసినవి చాలావరకు ఆమెను, ఆమెని, ఆమె గురించి. మొదటి విభక్తిలోకి రాకుండా రెండోదాంట్లోనే ఎన్ని వాక్యాలు బతికేసిందో.

సరే, ఇవాళ ఆమెని కర్తని చేద్దాం అనుకుంది. ‘ఆమె భర్త వంటను విమర్శించింది.’ అతను వండితే కదా. కొట్టేసింది. ‘ఆమె అత్తగారి పనికి పేర్లు పెట్టింది.’ దాన్నీ కొట్టేసింది. కర్త కావాలంటే తనూ ఒకరికి వంకలు పెట్టాలా? అలాంటి కర్త అవడం తనకి ఇష్టమేనా? అంచనా, బేరీజు ఎలాగో గట్టెక్కాయి, ఆమె దూరాన్ని అంచనా వేసింది, ఆమె లాభనష్టాలు బేరీజు వేసుకుంది అని. చివర్న తీర్పు దగ్గర బండి మొరాయించింది. తీర్పు తీరు లోంచి పుట్టింది. తగవు తీరితే తీర్పు. పని తీరితే తీరిక. రెండూ ఒక్క తల్లి బిడ్డలే. అలాంటప్పుడు తీరిక లేని మనిషి నోట తీర్పు ఎలా వస్తుంది? ‘ఆమె తీర్పు చెప్పింది’ అని రాసి చూసింది. వ్యాకరణానికి తప్పులేదు. కానీ ఏమని చెప్పింది? రేపు పొద్దున్న ఫోన్లో ఏమని చెప్తుంది?

భర్త మంచినీళ్ళకి వచ్చి, బల్ల మీదికి వంగి చూశాడు. "ఆదివారం కూడా ఆ కాగితాలేనా? ఇదే నేను చెప్పేది. ఇంట్లో ఉంటేనే ఇలా ఉంది." అని ఆమె భుజం మీద మెత్తగా తట్టి వెళ్ళాడు. ఆ తట్టడం బాగానే ఉంది. ఆ మాట బాగాలేదు. రెండూ ఒకే మనిషివి, ఒకే నిమిషంలోవి.

సోమవారం పొద్దున్నకి కూడా తేలలేదు. పిల్లని బడికి పంపి, అత్తగారికి టీ ఇచ్చి, ఇంకో రెండ్రోజులు గడువు అడుగుదామని ఫోన్ చేసింది. భర్త గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు.

"మేడం, ఆ రెండో సంగతి గురించి..."

"తెలుసమ్మా. మీవారు శనివారమే ఫోన్ చేసి చెప్పారుగా, ఇంటి పరిస్థితుల వల్ల మీరు రాలేరని. ఎంత మర్యాదగా మాట్లాడారో. ఇవాళ ఇంకొకరిని అడుగుదామనుకుంటున్నాను. వాక్యాలు మాత్రం మార్చి పంపించండి."

ఆమె భర్త వంక చూసింది. అతను తలెత్తి, మొహం చూసి గ్రహించి, గొంతు తగ్గించి, "నీకు మొహమాటం కదా. కాదని చెప్పలేక నలిగిపోతున్నావని నేనే చెప్పేశాను. వారం నుంచి చూస్తున్నా నిన్ను, సరిగ్గా నిద్ర కూడా పోవట్లేదు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందులో దొంగతనం ఏమీ లేదు. ఒక చేత్తో లేసు లాగుతూ రెండో చేత్తో, పర్లేదు, నేను చూసుకున్నాను అన్నట్టు సైగ కూడా చేశాడు.

అంటే ఆమె ఆదివారమంతా కూర్చుని తేల్చుకోలేకపోయినది, శనివారమే తేలిపోయింది. తను బల్ల దగ్గర తల పట్టుకుని ఉంటే, అతను భుజం తట్టి వెళ్ళినప్పటికే అయిపోయింది. ఆమెకి కోపం వచ్చింది. ఇన్నాళ్ళకి, ఏ సందేహమూ కలవని కోపం. వింతేమిటంటే, దాంతోపాటు మిగతా తికమకేమీ పోలేదు. మధ్యాహ్నం మాత్రలు ఎవరిస్తారో తెలియదు, సాయంత్రం పిల్ల వచ్చేసరికి తలుపు ఎవరు తీస్తారో తెలియదు, ఇవాళ రాత్రి ఈ మనిషితో ఏం మాట్లాడాలో అసలే తెలియదు. తెలియనివన్నీ అలాగే ఉన్నాయి. లోపల అత్తగారు టీ తాగడం ఆపి వింటున్నట్టున్నారు, కప్పు చప్పుడు లేదు.

"హలో? లైన్లో ఉన్నారా?" అన్నారు మేడం.

"ఉన్నానండి," అంది ఆమె, భర్త మీంచి చూపు తిప్పకుండానే. "శనివారం మీరు విన్నది ఆయన అభిప్రాయం మేడం. నా నిర్ణయం మీకింకా ఎవరూ చెప్పలేదు. నేను వస్తున్నాను."